ఉలవలు తొక్కిన ర్యాలీ కార్లు

కార్ల ర్యాలీ చూడటానికి వెళ్తున్నానని చెప్పగానే మా తెనాలిలో అందరూ అడిగిన మాట ఒక్కటే: "ఏ పార్టీదమ్మా?" అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఇది జెండాలు కట్టుకుని హారన్లు మోగించే ర్యాలీ కాదు. పల్లెల మధ్య రోడ్లను పోలీసులు కాసేపు మూసేస్తారు. ఒక కారును వదిలిన రెండు నిమిషాలకు ఇంకోదాన్ని వదులుతారు. అవతలి చివరికి ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్ళది గెలుపు. అలాంటి పరుగును 'విడత' అంటారు, రోజుకు నాలుగైదు ఉంటాయి. కారులో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు నడుపుతుంటే పక్కనున్న మనిషి రాబోయే మలుపులను ముందుగా చదివి వినిపిస్తుంటాడు.

నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. క్లచ్ మీద నుంచి కాలు తియ్యమని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరవడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా అదే గొంతని మా ఆయన ఫిర్యాదు. ఎవరి కారెక్కినా నా చూపు రోడ్డు మీద ఉండదు, వాళ్ళ పాదాల మీద ఉంటుంది. ముందు కారు బ్రేకు లైటు ఎప్పుడు వెలిగింది, ఎంతసేపు వెలిగింది అన్నది చూసి ఆ డ్రైవరు మనస్తత్వం చెప్పేయగలనని నాకో నమ్మకం.

డ్రైవింగ్ నేర్పే ఆడవాళ్ళం కొందరం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో పరిచయమైంది భువన. తమిళనాడు ధర్మపురి జిల్లాలో పాలక్కోడు దగ్గర వెల్లిచందై వాళ్ళ ఊరు. తరాలుగా అక్కడే ఉన్న తెలుగు రైతు కుటుంబం. వారమంతా టమాటా వ్యాను తోలుతుంది, సెలవు దొరికితే ర్యాలీ కారు తోలుతుంది. పొంగల్ అయిన కొన్నాళ్ళకు ఫోను చేసింది. "అక్కా, మా ఊరి రోడ్డు మీదనే ర్యాలీ జరగతా ఉండాది. నువ్వు రావాల. నా బండికి ఇదే కడాపటి పోటీ." ఆఖరిది అనడానికి ఆ అమ్మాయి 'కడాపటి' అంటుంది. ఆ రాత్రే సంచి సర్దుకున్నాను.

ధర్మపురి, టమాటా వ్యాను

బస్టాండు బయట వ్యానుకు ఆనుకుని నిలబడి ఉంది భువన. సన్నగా, పొట్టిగా, చేతికి టమాటా మరకలు. ర్యాలీ డ్రైవరంటే నేనేదో ఊహించుకున్నాను. ఈ పిల్లను మా స్కూల్లో చూస్తే సీటు కింద దిండు వేసుకోమనేదాన్ని.

"వచ్చినావా అక్కా! తిన్నావా లేదా?" అంటూనే రోడ్డు పక్క కొట్టుకు లాక్కెళ్ళింది. ముప్పై రూపాయలకు రెండు దోసెలు, మూడు రకాల చట్నీలు, అడిగినన్నిసార్లు సాంబారు. మా వైపు ఆ డబ్బుకు చట్నీ మాత్రమే వస్తుంది. కానీ కారం ఏదీ? మూడు చట్నీలూ ఒకదానికొకటి మర్యాద ఇచ్చుకుంటున్నట్టు చప్పగా ఉన్నాయి. ఆ మాట అనగానే కొట్టు ఆవిడ తమిళంలో ఏదో గొణిగి, ఒక పచ్చిమిరపకాయ తెచ్చి నా ఆకులో పెట్టింది. నేను దాన్ని నమిలి తిన్నాను, పరువు కోసం.

హొగేనక్కల్‌లో ఒక హోటలుకు టమాటాలు దించాలట. నేనూ వ్యానెక్కాను. దారిలో తారురోడ్డు మీద అడ్డంగా, రోడ్డంత వెడల్పున రాగి వెన్నులు పరిచి ఉన్నాయి. పక్కనే ఒక ముసలాయన తలగుడ్డతో కూర్చుని వచ్చే బండ్లను చూస్తున్నాడు. నేనైతే హారన్ మోగించి, పక్కనుంచి తప్పించుకుని, ఆ ముసలాయనకు నాలుగు మాటలు అప్పజెప్పి పోయేదాన్ని. భువన మాత్రం వేగం తగ్గించి, సరిగ్గా మధ్యలోంచి, చక్రాలు అంతకుముందు తొక్కని చోట పడేలా పోనిచ్చింది. ముసలాయన చెయ్యెత్తి దీవించాడు.

"తప్పించుకోని పోతే తిడతారక్కా. పోయే వండి ఎట్లాగూ పోతాది, మా పంట తొక్కిపోతే నీ సొమ్మేం పోతాదంటారు. నాకు మా రాజమ్మత్త నేర్పించిన మొదటి డ్రైవింగ్ ఇదే," అంది నవ్వుతూ. వండి అంటే బండి; చక్రాలు తొక్కితేనే గింజ రాలుతుంది.

"జారదా?"

"జారతాది. రాగి కంటే ఉలవ కట్టె ఇంకా జారతాది. బ్రేకు తొక్కకూడదు, అంతే."

ఆ ప్రయాణంలోనే అసలు సంగతి చెప్పింది. పోటీలకు ఏ మోడల్ కారైనా పనికిరాదు. దానికి అనుమతి ఉండాలి, ఆ అనుమతికి గడువుంటుంది. భువన కారుకు ఆ గడువు ఈ ర్యాలీతో తీరిపోతోంది. బెంగుళూరు నుంచి వచ్చే ఒక టీము వాళ్ళ దగ్గర నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే పెద్ద తరగతి కారుంది. ఈ పోటీలో తన తరగతిలో మొదటి స్థానం తెచ్చుకుంటే వచ్చే ఏడు ఆ సీటు భువనకు ఇస్తామన్నారు.

"రాకపోతే?"

"రాకపోతే ఏముంది, టమాటాలు ఉండాయి గదా," అని గేరు మార్చింది.

హొగేనక్కల్, పుట్టి నడక

కావేరి రాళ్ళ మధ్య విరుచుకుపడుతున్న చోట జనం నూనె కారుతూ తిరుగుతున్నారు. ముందు భయపడ్డాను. అక్కడ ఒంటికి నూనె మర్దన చేసేవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు, చేయించుకున్నవాళ్ళు అలాగే వెళ్ళి జలపాతం కింద నిలబడతారు. చేపలు మసాలా పట్టించి పళ్ళేల్లో పేర్చి ఉంటాయి, వేలు చూపిస్తే అక్కడికక్కడే వేయించి ఇస్తారు. నూట యాభైకి ఒక పెద్ద ముక్క. ఇక్కడ మాత్రం కారం ఉంది, దేవుడున్నాడు.

పుట్టి ఎక్కాం, గుండ్రటి బుట్టలాంటి పడవ. మామూలు పడవలో వెనక కూర్చుని తెడ్డు వేస్తారు కదా. ఇక్కడి మనిషి ముందు కూర్చుని, నీళ్ళలో తెడ్డు ముందుకు వేసి తన వైపుకు లాగుతున్నాడు. వెనక ఉన్న మేం ఆ లాగుడుకు తోడుగా సాగుతున్నాం.

"చూస్తా ఉండావా అక్కా? నా కారు ఇదే. ముందు చక్రాలు లాగతాయి, వెనకవి వస్తాయి," అంది భువన. పుట్టివాడికి ఆ మాట అర్థమైందో ఏమో, తెడ్డును ఒక్క తిప్పు తిప్పాడు. పుట్టి గిరగిరా బొంగరంలా తిరిగింది. నేను పెట్టిన కేకకు పక్క పుట్టిలో పిల్లలు ఏడ్చారు. ఆ గోలలో నా కుడికాలి చెప్పు కావేరిలో పడి మేట్టూరు వైపు వెళ్ళిపోయింది. ఒడ్డున తొంభై రూపాయలు పెట్టి నీలం రబ్బరు చెప్పులు కొన్నాను. మిగతా యాత్రంతా వాటితోనే.

పాలక్కోడు, మామిడితోట వెనక బాట

మర్నాడు పోటీ కార్లను సరిచూసుకునే రోజు. పూత పట్టిన మామిడితోట వెనక ఎర్రమట్టి బాట మీద కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. భువనకు ఒక అన్నయ్య, పేరు వేలు, అతన్ని అక్కడే చూశాను. పక్క సీట్లో మలుపులు చదివేది అతనే. అతని కాగితాల్లోకి తొంగిచూశాను. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు! "మాకు తెలుగు రాసేది రాదు గదా అక్కా. స్పీడులో నా నోటికి వచ్చేదేమో తెలుగే," అన్నాడు. మలుపుకొక అంకె. ఒకటి అంటే బాగా వంకర, ఆరు అంటే దాదాపు తిన్నన. 'పట్టు' అంటే బ్రేకు వెయ్యి, 'వదులు' అంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యకుండా కారును వదిలెయ్యి. ఇంత చక్కటి తెలుగును నేనింతవరకు ఏ పుస్తకంలోనూ చూడలేదు.

పక్క సీట్లో కూర్చోవచ్చన్నారు. హెల్మెట్ పెట్టించారు, బెల్టులతో బిగించారు. మూడు రకాల కార్లెక్కాను. నా జీవితంలో అంత గట్టిగా నవ్విన పూట ఇంకోటి లేదు.

మొదటిది కృష్ణప్ప గారి పాత కారు, పాతకార్లకు వేరే తరగతి ఉంది. హరూర్‌లో ట్రాక్టర్ విడిభాగాల కొట్టున్న పెద్దమనిషి, తెలుగువాడే. ఈయన కారులో బలమంతా వెనక చక్రాలకు. మలుపు రాగానే వెనక భాగం నేను ముందు వెళ్తానంటూ గొడవకు దిగింది. ఈయన తాపీగా స్టీరింగ్‌ను మలుపుకు వ్యతిరేకంగా తిప్పి దాన్ని బుజ్జగిస్తూ పోయాడు. కారు పక్కవాటంగా వెళ్తోంది, నేను పక్క కిటికీలోంచి ముందున్న రోడ్డు చూస్తున్నాను!

"మా కాలంలో ఇంజిన్ పెద్దది చేస్తే చాలనుకున్నాం. వేగం వచ్చింది, మలుపు రాలేదు. తరవాత బరువు తీసేసినాం. ఆ తరవాత బుద్ధి వచ్చి స్ప్రింగులూ డ్యాంపర్లూ మార్చినాం. చక్రం నేలను విడవకుండా ఉంటేనే గదమ్మా బలానికి పని," అన్నాడాయన, ఒక చేత్తో ముక్కుపొడి తీసుకుంటూ. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండని అరవబోయి నాలుక కరుచుకున్నాను.

రెండోది భువనది. ఇంజిన్ చిన్నది, కారు తేలిక, లోపల సీట్లూ తలుపు అట్టలూ అన్నీ పీకేసి ఇనుప గొట్టాల పంజరం బిగించారు. బయలుదేరగానే అలవాటుగా ఆ పిల్ల పాదాలు చూశాను. ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు యాక్సిలరేటర్ మీద, రెండూ ఒకేసారి! మా స్కూల్లో ఎవరైనా ఆ పని చేస్తే కారు దింపి ఇంటికి పంపిస్తాను. మలుపులో ముందు చక్రాలు పట్టు వదిలి కారు తిన్నగా పోతానని మొండికేస్తే, ఎడమకాలితో కొంచెం బ్రేకు అదిమితే ముక్కు మళ్ళీ లోపలికి తిరుగుతోంది. దాని గేరుబాక్సులో ఒక మార్పు చేయించారట, జారుతున్న చక్రానికి బలం వృథాగా పోకుండా నేలను పట్టుకున్న చక్రానికి అందుతుంది. కానీ తారు మీద కంకర పొడి ఉంటే మాత్రం ఈ కారుకు నరకం. లాగాల్సినవీ తిరగాల్సినవీ అవే రెండు చక్రాలు, అవే జారితే ఇక దిక్కులేదు.

మూడోది బెంగుళూరు టీము కారు. నాలుగు చక్రాలకూ బలం, టర్బో ఇంజిన్. దాని గురించి వివరంగా చెప్పలేను, ఎందుకంటే సగం దూరం కళ్ళు మూసుకున్నాను. కాలు తీసినప్పుడల్లా వెనక గొట్టంలోంచి దీపావళి టపాసుల్లా పేలుళ్ళు. మట్టి, గుంట, మలుపు, ఏదైనా దానికి ఒకటే. నాలుగు గోళ్ళతో నేలను గీరుకుంటూ పోయింది. దిగాక హెల్మెట్ తియ్యడం రాక తంటాలు పడుతుంటే భువన వచ్చి విప్పింది.

"ఎట్లా ఉండాది?" అని అడిగింది. ఆ అడగడంలోనే ఆశంతా ఉంది. ఈ కారు ఆ పిల్లకు రావాలి. అంతకుమించి ఆ నిమిషంలో నాకేమీ అక్కరలేదు.

వెల్లిచందై, రాజమ్మత్త వంటింట్లో

రాత్రి భోజనం వాళ్ళ మేనత్త రాజమ్మ ఇంట్లో. రాగి సంగటిని వీళ్ళు కళి అంటారు. దానికి తోడు ఉలవ కట్టు. మా వైపు ఉలవచారంటే గంటలకొద్దీ కాచి, పైన మీగడ వేసుకుని, పెళ్ళిళ్ళలో గొప్పగా వడ్డించే వస్తువు. ఇక్కడ రోజువారీ కూడు. పల్చగా, ఘాటుగా, వెల్లుల్లి వాసనతో ఎంత బాగుందో! మూడుసార్లు పోయించుకున్నాను.

రాజమ్మత్తకు ర్యాలీ మీద మంచి అభిప్రాయం లేదు. "సుమ్మా తిరిగే వండి. మూట ఎత్తదు, మనుషుల్ని ఎక్కించుకోదు. ఊరికే పొయ్యి ఊరికే వస్తాది. దానికి ఇంత పెట్రోలా?" అంది. వేలు ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని స్టీలు గ్లాసులు నేల మీద వరసగా పెట్టాడు.

"ఇదో చూడత్తా, ముందు ఈ గ్లాసు. దీన్ని సున్నా కారంటారు. రోడ్డంతా సరిగ్గా ఉండాదా అని చూసి పోతాది. అది పోయినాక పది నిమిషాలు రోడ్డు మీద ఎవరూ రారు. తరవాత నాలుగు చక్రాలకూ బలముండే కార్లు, వాటి వెనక మేము."

"ఎన్ని వండ్లు?"

"ముప్పైకి పైనే."

"బరువుగా ఉంటాయా?"

"టన్నుకు పైన ఉంటాయి."

"అన్నీ సుమ్మానే పోతాయా?"

"సుమ్మానే," అని నవ్వాడు వేలు. రాజమ్మత్త గ్లాసుల వంక చూస్తూ ఉండిపోయింది. ర్యాలీ గొప్పతనం ఇప్పటికి అర్థమైంది కాబోలు అనుకుని నేను సంతోషించాను.

చింతచెట్ల మలుపు, ఉదయం

విడతలో ఎక్కువభాగం మట్టిబాట. మధ్యలో ఊరి పక్కన కొంచెం తారురోడ్డు, దాని చివర చింతచెట్ల దగ్గర కుడివైపు వేగమైన మలుపు. నేను రాజమ్మత్తతో, ఇంకొందరు ఆడవాళ్ళతో తాడు కట్టిన గట్టు మీద నిలబడ్డాను. అక్కడ కాపలాకు కృష్ణగిరి నుంచి ఒక కాలేజీ మాష్టారు వచ్చాడు, చేతిలో వాకీటాకీ, మెడలో ఈల.

సున్నా కారు పోయింది. ఆ తర్వాత వచ్చాయి! గుండెల్లో మోగే చప్పుడు, ఎర్రదుమ్ము, గాల్లోకి ఎగిరే కంకర. నాలుగు చక్రాలకూ బలమున్న కార్లు మట్టి మీద నుంచి తారెక్కుతూ చక్రాలకంటిన కంకరనంతా మలుపులో చల్లిపోయాయి. కృష్ణప్ప గారు పక్కవాటంగా వచ్చి, దర్జాగా తోక ఊపుకుంటూ వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు ఈలలు వేశారు. నేనూ వేశాను, నలభై ఏడేళ్ళ వయసులో.

తర్వాత భువన తరగతి. ముందు కోయంబత్తూరు కుర్రాడు, ఆ తరగతిలో అతనే ముందంజలో ఉన్నాడు. తర్వాత భువన. మలుపులో ఆ కంకర పొడి మీద ముందు చక్రాలు పట్టు తప్పాయి. బ్రేకు లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. కారు చింతచెట్టును రాసుకుపోయేంత దగ్గరికెళ్ళి బయటపడింది.

మధ్యాహ్నం కార్లు మరమ్మతు చేసుకునే మైదానానికి వెళ్తే వేలు అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తడం లేదు. కోయంబత్తూరు కుర్రాడికంటే నాలుగు సెకన్లు వెనక. మిగిలింది సాయంత్రం అదే రోడ్డు మీద ఇంకో విడత, ఒకే ఒక్కటి. "ఆ మలుపులోనే పోయింది. అక్కడ జల్లి లేకపోతే పట్టేసి ఉంటాము," అంది భువన. జల్లి అంటే ఆ కంకరే.

చింతచెట్ల మలుపు, సాయంత్రం

నేను తిరిగి గట్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన ఎండిన ఉలవ మొక్కలు, భువన చెప్పిన ఆ కట్టె, కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. కోతల కాలం కదా, నేను పట్టించుకోలేదు. మాష్టారూ పట్టించుకోలేదు. సున్నా కారు వచ్చి చూసుకుని వెళ్ళిపోయింది.

అది మలుపు తిరిగిందో లేదో, రాజమ్మత్త చీర చెంగు బిగించి "ఊ!" అంది. అంతే. ఆడవాళ్ళంతా తాడు కింద నుంచి దూరి కుప్పలను రోడ్డు మీదికి లాగేశారు. ఎంత వేగంగా పరిచారంటే, మాష్టారు ఈల నోట్లో పెట్టుకునేలోపు తారు కనబడకుండా పోయింది. ముప్పైకి పైగా బండ్లు, టన్ను బరువు, సుమ్మా పోయేవి! రాత్రి ఆమె గ్లాసులను ఎందుకలా చూసిందో నాకప్పుడు వెలిగింది. మాష్టారు వాకీటాకీలో అరుస్తున్నాడు, అవతల్నుంచి గరగర తప్ప ఏమీ రావడం లేదు, ఆడవాళ్ళను గట్టెక్కమంటున్నాడు. ఆ గోలలోనే పది నిమిషాలూ అయిపోయి చప్పుడు దగ్గరికొచ్చేసింది.

నాలుగు చక్రాలకూ బలమున్న మొదటి కారు ఉలవల మీదికి వచ్చి ఒక్క క్షణం అటూఇటూ ఊగింది. తర్వాత నాలుగు చక్రాలూ వెతుక్కుని వెతుక్కుని ఏదో ఒకటి తారును పట్టుకుంది, కారు కట్టెను గాల్లోకి చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. రాజమ్మత్త వంగి గుప్పెడు తీసి చూసింది. "బాగా రాలింది!" అంది తృప్తిగా. రెండోది వచ్చేసరికి దాని వేడి గొట్టానికి కట్టె చుట్టుకుని పొగ లేచింది. ఊరంతా వేయించిన ఉలవల వాసన. మూడోదాన్ని డ్రైవరు భయపడి నెమ్మదిగా దాటించాడు.

నాలుగోది కృష్ణప్ప గారు. వెనక చక్రాలకు పట్టు దొరకలేదు. ఈసారి ఆయన బుజ్జగింపులు పనిచేయలేదు, కారు రెండుసార్లు గిర్రున తిరిగి తోక ముందుగా కోసేసిన రాగిచేనులో దిగి నిలబడింది. మేం పరుగెత్తాం. ఆయన తలుపు తీసుకుని దిగి, దుమ్ము దులుపుకుని, "ఇది ఏమి పంటమ్మా?" అని అడిగాడు. ఎవరో మజ్జిగ తెచ్చి చేతికిచ్చారు.

విడత ఆగిపోయింది. జీపులో అధికారి వచ్చాడు, వెనకే ఇన్‌స్పెక్టరు. తిట్ల వాన కురిసింది. చివరికి అధికారి గడియారం చూసుకుని, పొద్దు వాలుతోందని, అరగంటలో రోడ్డు ఖాళీ కాకపోతే మిగతావాళ్ళకు విడత రద్దేనని తేల్చేశాడు.

రద్దయితే ఉన్న లెక్కే ఖాయం, భువన రెండో స్థానం, టమాటాలు. రాజమ్మత్త భుజం పట్టుకుని చెప్పాను. "అత్తా, ఈ పరుగు జరక్కపోతే మీ భువనకు ఆ పెద్ద కారు రాదు. ఇదే ఆఖరి అవకాశం."

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, నాకెవరు చెప్పినారు తల్లీ! ఎట్లాగూ పోయే వండ్లే గదా అనుకుంటి. నా బిడ్డ నోటికాడ కూడు నేనే తీసేస్తినా?" అంది. మరుక్షణం తిరిగి ఒక్క కేక పెట్టింది. ఇళ్ళల్లోంచి చీపుర్లు, చాటలు, గంపలు, దుప్పట్లు వచ్చాయి. నేనూ ఒక చీపురందుకున్నాను.

కట్టెను పక్కకు లాగడం క్షణాల్లో పని. మాష్టారు "చాలు చాలు, వదిలేయండి" అన్నాడు. రాజమ్మత్త వినలేదు. నేల మీద గింజలున్నాయి. కంకర పొడిలో, దుమ్ములో, తారు పగుళ్ళలో కలిసిపోయి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా వంగి, ఒకరు ఊడ్చిన చోటే వెనకవాళ్ళు మళ్ళీ ఊడుస్తూ, రాయీ రప్పా దుమ్మూ గింజా అంతా కలిపి గంపలకెత్తుతున్నారు, తర్వాత ఇంటి దగ్గర చెరుగుకుంటారట. నాకు ఒళ్ళు మండింది. "గింజలు పోతే పోనీ అత్తా! టైమైపోతోంది!" అని నా స్కూలు గొంతుతో అరిచాను.

"గింజను రోడ్డు మీద వదిలేసి పోయేదెట్లా? అరిచేది ఆపి ఊడ్చమ్మా," అంది ఆమె తలెత్తకుండా.

ఊడ్చాను. రబ్బరు చెప్పు వారు తెగింది, ఉత్తికాళ్ళతో ఊడ్చాను. అధికారి మళ్ళీ గడియారం చూసే సమయానికి ఆఖరి గంప గట్టెక్కింది. బయలుదేరే చోట ఉన్నవాళ్ళకు వాకీటాకీలో చెప్పారు: తారు మీద గడ్డి పడింది, ఊరివాళ్ళు తీశారు, అయినా జాగ్రత్త.

కార్లు మళ్ళీ మొదలయ్యాయి. కోయంబత్తూరు కుర్రాడు వచ్చాడు. మలుపుకు చాలా ముందే బ్రేకు లైటు వెలిగింది, మలుపంతా వెలుగుతూనే ఉంది. అతని తప్పేం లేదు, నేనైనా అదే చేసేదాన్ని.

తర్వాత భువన ఇంజిన్ వినిపించింది. నేను రాజమ్మత్త చెయ్యి పట్టుకున్నాను. మట్టిలోంచి తారెక్కింది. నా కళ్ళు ఆ లైటు మీదే. ఇప్పుడు వెలుగుతుంది, ఇప్పుడు వెలగాలి, వెలగకపోతే చింతచెట్టే. వెలగలేదు. ఇంజిన్ గొంతు ఒక్క మెట్టు కూడా తగ్గలేదు. ముందు చక్రాలు తారును కరిచిపట్టుకుని కారును కుడివైపుకు లాగేసుకున్నాయి, మాకు దుమ్ము కూడా మిగల్చకుండా వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నామని కాసేపటికి గానీ తెలియలేదు.

కార్లు తిరిగొచ్చే మైదానం

ఒక్క సెకను కూడా లేని తేడాతో భువన మొదటిది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. బెంగుళూరు టీము పెద్దమనిషి చెయ్యి కలిపి, సీటు నీదేనని చెప్పి, ఆ తర్వాత వేలును అడిగాడు. గడ్డి ఉందని అందరికీ చెప్పారు కదా, ఆ మలుపులో ఏ ధైర్యంతో వదిలేయమన్నావు?

వేలు కాగితం తిప్పి చూపించాడు. 'కుడి ఐదు, జల్లి, పట్టు' అన్న మాటల్లో చివరి రెండూ కొట్టేసి పెన్నుతో ఏదో రాసి ఉంది. నేను చదవమన్నాను. "కుడి ఐదు, అత్త ఊడ్చింది, వదులు."

"స్టార్ట్ దగ్గర అడిగినాను, ఎవరు ఊడుస్తా ఉండారని. ఎవరో రాజమ్మ అంట అన్నారు. అంతే. మా అత్త ఉలవలు ఊడ్చినాక అక్కడ గింజ ఉండదు, జల్లి కూడా ఉండదు. పొద్దున కంటే మంచి రోడ్డు అది. ఆ సంగతి మాకు మాత్రమే తెలుసు," అన్నాడు.

"నువ్వు నమ్మేశావా?" అని భువనను అడిగాను.

"మా అత్త కదక్కా," అంది.

రాజమ్మత్త ఈ మాటలేవీ వినడం లేదు. పెద్ద కారు చుట్టూ తిరిగి చక్రాలను తట్టి చూస్తోంది. "నాలుగూ తొక్కతాయంటే మంచిదే. తోలేటప్పుడు పదిలంగా తోలు కన్నా," అంది భువనతో.

తెనాలి

బయలుదేరేటప్పుడు రాజమ్మత్త నా సంచిలో ఒక గుడ్డమూట పెట్టింది. ఆ రోడ్డు మీద ర్యాలీ కార్లు తొక్కిన ఉలవలే. నిన్న ఆదివారం ఉలవచారు పెట్టాలని మూట విప్పాను. మా వైపు కొట్టులో కొన్న ఉలవల్లోనే గుప్పెడుకు రెండు రాళ్ళుంటాయి, ఇవేమో కంకరరోడ్డు మీద నుంచి ఊడ్చినవి. పళ్ళు విరగ్గొట్టుకోవడం ఎందుకని చాటలో పోసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వాకిట్లో వెలుగులో కూర్చుని ఒక్కో గింజా పక్కకు తోస్తూ ఏరాను. మా ఆయన కాఫీ తాగేసి వచ్చి ఇంకా అవలేదా అన్నాడు. మూట మొత్తం ఏరాను.

ఒక్క రాయి దొరకలేదు.